పల్లీల డబ్బా, నిద్ర నోటుబుక్కు

డిసెంబర్ 6, 2023, బుధవారం

పాలగిన్నె మాడింది. నిద్ర గోలీ మానే ఈ ప్రాజెక్టు అక్కడ మొదలైంది.

పోయిన నెల 30న అసెంబ్లీ ఎలక్షన్ డ్యూటీ. ఈవీఎంలు అప్పజెప్పి హన్మకొండ ఇంటికి వచ్చేసరికి రాత్రి రెండున్నర దాటింది. ఆ తర్వాత మూడు రాత్రులు గోలీ వేసుకున్నా కునుకు అంతంతే. నాలుగో రాత్రి మాత్రం మంచిగనే పట్టిందనుకున్న. పొద్దున వంటింట్లకు పోతే గిన్నె అడుగు బొగ్గు లెక్క ఉన్నది. అత్తమ్మ అడిగింది, "నడిరాత్రి లేచి పాలెందుకు పెట్టినవ్ బిడ్డా? పిలిస్తే పలుకకపోతివి. నేనే లేచి గ్యాస్ బంద్ చేసిన." నాకు ఒక్క ముక్క యాదికి లేదు. లేచింది లేదు, స్టవ్ ముట్టించింది లేదు.

సాయంత్రం గోలీ పేరు కొట్టి ఫోన్‌లో చదివిన. జోల్పిడెమ్. నిద్రలనే లేచి నడవడం, వంట చేయడం, బండి నడపడం లాంటివి జరిగి ప్రమాదాలైనయని 2019లోనే అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ ఆ డబ్బాల మీద పెద్ద హెచ్చరిక పెట్టించిందట. ఇంకోటి గూడ చదివిన. ఆడవాళ్ల ఒంట్లో ఈ మందు నెమ్మదిగా దిగుతదని 2013లోనే మొదటి డోసు 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమన్నరు. నేను వేసుకునేది 10. ఎవరూ రాసియ్యలేదు, నేనే పెంచుకున్న.

కథ 2021 మే నెలది. కరోనా రెండో విడతల మా ఆయనకు ఇంట్లనే వైద్యం. ఆక్సీమీటర్ వేలికి పెట్టి పదిహేడు రాత్రులు ఆయన శ్వాస వింటూ కూర్చున్న. ఆయన లేచి తిరిగిండు, మార్కెట్ల అడ్తి దుకాణం గుమాస్తా పనికి పోయిండు. నేను మాత్రం రెండింటికి లేచుడు మానలేదు. ఒక డాక్టర్ పదిహేను రోజులకని 5 మిల్లీగ్రాముల గోలీలు రాసిండు. ఆ చీటీ మీద నేను రెండేండ్లు నడిపిన. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ చూసి, రిజిస్టర్‌ల రాసి ఇయ్యాలె. తెలిసిన షాపుల అవేమీ అడగకపోదురు. తప్పు షాపుదే అనను, నేను గూడ అక్కడికే పోయింది అడగరనే.

ఈరోజు సుబేదారి దిక్కు ఒక మానసిక వైద్యుడి దగ్గరికి పోయిన. గోలీ బంద్ చేయాలని చెప్పిన. ఆయన మొదటి మాట: "ఒక్కసారే బంద్ చేయొద్దమ్మా. ఇన్నేండ్ల తర్వాత ఠక్కున ఆపితే నిద్ర ఇంకా చెడుతది, కొందరికి ఫిట్స్ గూడ వస్తయ్." తర్వాత చాలా అడిగిండు. గురక ఉందా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినయా? నిద్ర లేకున్నా హుషారు తగ్గకుండ వారాలకు వారాలు తిరిగిన రోజులున్నయా? బండి నడుపుతవా? వాటికి వేరే దారి ఉంటదట. నాకు స్కూటీ తప్ప ఏదీ లేదు. (గురక ఉన్నది మా ఆయనకు. అది వేరే ప్రాజెక్టు.)

రాసిచ్చిన మందేమీ లేదు. గోలీ ఉన్నది ఉన్నట్టే వేసుకోమన్నడు. వారం రోజులు నోటుబుక్కు రాయమన్నడు. ఎన్నింటికి మంచమెక్కిన, ఎంతసేపటికి పట్టింది, ఎన్నిసార్లు మెలకువ, ఎన్నింటికి దిగిన. గడియారం చూసి కాదు, పొద్దున లేచినంక అందాజగా.

డిసెంబర్ 13

కొడుకు టెన్త్‌ల సగం వాడి వదిలేసిన లాంగ్ నోటుబుక్కు. వెనుక నుంచి రాస్తున్న. ఏడు రాత్రుల సగటు ఇది:

మంచమెక్కేది 9:15. దిగేది 5:30. మంచం మీద మొత్తం 495 నిమిషాలు. నిద్ర 320. నూటికి 65.

నేను లెక్కల టీచర్ను. రెండేండ్లుగ నా నిద్రను నేనే లెక్క పెట్టుకోలేదంటే సిగ్గే. "రాత్రంతా కన్ను మూయలే" అని స్టాఫ్ రూంల రోజూ చెప్పే మనిషి ఐదు గంటల ఇరవై నిమిషాలు పడుకుంటున్నది! ఆ మాట మా ఆయనతో అనలేదు, అంటే ఏండ్లకేండ్లు గుర్తు చేస్తడు.

ఏడో తరగతి పిల్లలకు శాతాలు నడుస్తున్నయి. పేరు చెప్పకుండా ఇదే లెక్క బోర్డు మీద రాసిన. ఒకామె 495 నిమిషాలు మంచం మీద ఉన్నది, 320 నిమిషాలు పడుకున్నది, శాతమెంత? అందరూ చేసిన్రు. చివరి బెంచి పోరడు లెక్క చేయకుండ లేచి నిలబడ్డడు: "టీచర్, మిగిలిన మూడు గంటలు ఆమె లేచి పనన్నా చేసుకోవచ్చు గదా?"

డిసెంబర్ 14

ఆ పోరడు చెప్పిందే డాక్టర్ చెప్పిండు. ఫీజు తీసుకొని.

ఈరోజు నుంచి రాత్రి పన్నెండుకు మంచమెక్కాలె. పొద్దున ఐదున్నరకు దిగాలె. నిద్ర పట్టినా, పట్టకున్నా, ఆదివారమైనా, పండుగైనా. పగలు పడుకోవద్దు. నేను పడుకునేది 320 నిమిషాలు గనుక మంచం మీద గూడ అంతే ఉండాలె. ఐదున్నర గంటలకు తక్కువ చేయనని 330 ఇచ్చిండు.

నాకు కోపమొచ్చింది. నిద్ర పడుతలేదని పోతే పడుకునే టైం కోస్తడా! ఆరు నెలలు నేను చేసిన పనులన్నీ చెప్పిన. పాలల్ల జాజికాయ. అరికాళ్లకు నూనె. ఫోన్ బంద్. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడక. తొమ్మిదికే లైట్లార్పి పడుకునుడు. ఆయన అన్నీ విని, "ఇవన్నీ చేను చుట్టూ కంచె. కంచె మంచిదే. విత్తనం వేయకుండ కంచె కడితే ఏం పండుతది?" అన్నడు. 2021ల అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ గూడ ఇదే చెప్పిందట, ఈ జాగ్రత్తలొక్కటే వైద్యంగా ఇయ్యొద్దని. ఇంకా చెప్పిండు, నేను చేసిన వాటిల్ల ఒకటి తిరగబడ్డదని. తొమ్మిదికే పడుకునుడు.

ఇక్కడ కొంచెం ఆగి రాసుకుంట. నాకు లోపలి సంగతి తెలియకపోతే పని చేయబుద్ధి కాదు.

నిద్రను రెండు గుంజుతయ్. అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త 1982ల రాసిన లెక్క ఇది. ఒకటి ఒంట్లో గడియారం. ఇంకోటి నిద్రాకలి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడుల అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటది, పడుకుంటే కరుగుతది. టీల ఉండే కెఫీన్ ఆ అడినోసిన్ కూర్చునే చోట తాను కూర్చుంటది. సగం దిగడానికే సుమారు ఐదు గంటలు. సాయంత్రం ఐదింటి టీ రాత్రి పదింటికి సగం నా ఒంట్లనే ఉన్నదన్నట్టు. ఇక తొమ్మిదింటికే మంచమెక్కితే? పదింటికే చిరుతిండి తిన్న పిల్లలు మధ్యాహ్న భోజనం ముట్టనట్టు ఉంటది. ఆకలి పుట్టనీయాలె. అందుకు పడక టైం కోయాలె. ఈ పద్ధతి ఆర్థర్ స్పీల్‌మన్ అనే ఆయన 1987ల రాసి పెట్టిండట.

నిద్రలేమి ఎట్ల ముదురుతదో గూడ ఆ స్పీల్‌మనే చెప్పిండు. నేను దాన్ని మా అమ్మ పొయ్యి లెక్క అర్థం చేసుకున్న. ఎండుకట్టెలు ముందే ఉంటయ్, అది నా చింతపడే గుణం, అమ్మ నుంచి వచ్చింది. అగ్గిపుల్ల ఆ పదిహేడు రాత్రులు. అగ్గిపుల్ల ఆరి రెండేండ్లయింది. మరి ఇంకా ఎందుకు మండుతున్నది? రోజూ గొట్టం పెట్టి ఊదుతున్నది నేనే గనుక. తొందరగా పడుకునుడు, ఆదివారం పది దాకా పొర్లుడు, గంటగంటకు గడియారం చూసుడు, గోలీ.

ఇంకో నియమం రిచర్డ్ బూట్జిన్‌ది, 1972 నాటిది. పావుగంట, ఇరవై నిమిషాలు అయిందనిపించినా నిద్ర రాకపోతే మంచం దిగి వేరే గదిలకు పోవాలె. బోరు కొట్టే పని చేయాలె. కండ్లు మూతలు పడుతున్నయంటేనే మళ్ల మంచం. మంచం కనబడితే చింత గుర్తుకొచ్చే అలవాటు పోయి, కునుకు గుర్తుకు రావాలె.

బోరు కొట్టే పని ఏది? మా ఆయన ఏనుమాముల మార్కెట్ నుంచి అర బస్తా పల్లికాయ తెచ్చి మూలకు పెట్టిండు. దాని పక్కన ఒక స్టీలు డబ్బా పెట్టుకున్న. హాల్ల జీరో బల్బు. గోడ గడియారం తీసి బీరువాల పెట్టిన.

స్కూటీ తాళం మా ఆయనకు ఇచ్చిన. మూడు వారాలు బండి ముట్టొద్దని డాక్టర్ ఆర్డర్.

డిసెంబర్ 18, సోమవారం

నాలుగు రాత్రులు. చస్తున్న.

పన్నెండు దాకా మేలుకొని ఉండుడే పెద్ద పని. తొమ్మిదిన్నరకు సోఫాల తల వాలుతది. మంచంల రాని నిద్ర సోఫాల ఎక్కడి నుంచి వస్తదో! నిలబడి బట్టలు మడత పెడుతున్న. పన్నెండుకు పడిపోతున్న, కని మూడింటికి మెలకువ. లేచి హాల్లకు పోయి పల్లికాయ ఒలుస్తున్న. టక్కు, టక్కు. అత్తమ్మ గది నుంచి గొంతు: "ఎవరూ?" నేనే అత్తమ్మా. "గీ యాళప్పుడు పల్లీలేందే?" డాక్టర్ చెప్పిండన్న. "పైసలిచ్చి పోయి ఒలుసుడు నేర్చుకొచ్చినవా?"

ఈరోజు బస్సుల సంగతి. 9వ తారీఖు నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది గదా, హన్మకొండ నుంచి పరకాల బస్సుల నిలబడ జాగ లేదు. నిలబడుడే నాకు మంచిదనుకున్న, పడుకోను గదా. గూడెప్పాడ్ దాటినంక ఒక పిల్ల పాపం టీచరని లేచి సీటిచ్చింది. అంతే. కండ్లు తెరిస్తే పరకాల బస్టాండ్. కండక్టరమ్మ భుజం పట్టి ఊపుతున్నది. వెనక్కి బడికి ఆటోల పోతే ప్రార్థన అయిపోయి మొదటి పీరియడ్ నడుస్తున్నది. హెడ్మాస్టర్ సారు ఏమనలేదు, గడియారం దిక్కు చూసి తల తిప్పుకున్నడు. అది తిట్టినదానికన్నా ఎక్కువ.

డాక్టర్‌కు ఫోన్ చేసి, నాతోని కాదన్న. "బస్సుల నిద్రొచ్చిందా? మంచిది, మందు ఎక్కుతున్నది" అన్నడు.

డిసెంబర్ 28

మొదటి వారం: 330కి 265. నూటికి 80. నిద్ర తగ్గింది, అది నిజం.
రెండో వారం: 330కి 292. నూటికి 88.

ఇంకో లెక్క నోటుబుక్కుల లేనిది, డబ్బాల ఉన్నది. మొదటి వారం ఒలిచిన గింజలు కిలోకు ఎక్కువ. రెండో వారం కిలోల మూడో వంతు. చేతి గడియారం కన్నా ఈ డబ్బానే నమ్ముతున్న. మా అబ్బాయి చేతికి కట్టుకునే స్మార్ట్ వాచీ ఇస్త అన్నడు, గాఢ నిద్ర ఎంతో చెప్తదట. వద్దన్న. నిద్ర కొలతల చింత ఇంకోటి ఎందుకు నెత్తికి?

85 దాటింది గనుక పావుగంట పెంచుకోవచ్చు. ఈ రాత్రి నుంచి 11:45. పావుగంటకు ఇంత సంబురం ఎన్నడూ లేదు. టీ మధ్యాహ్నం రెండు తర్వాత లేదు. ఐదింటి టీ మానుడు మాత్రం పన్నెండు దాకా మేలుకొనుడు కన్నా కష్టం, ఒట్టు.

మరొకటి: రాత్రి ఏడింటికి "రేపటి పేజీ". కరెంటు బిల్లు, కొడుకు ఫీజు, ఏ పీరియడ్ల ఏం చెప్పాలె, అత్తమ్మ బీపీ గోలీలు. ఏది గుర్తొస్తే అది, దాని పక్కన రేపు చేసే మొదటి పని. మూడింటికి అవే చింతలొస్తే "రాసిన గదా" అని పక్కకు తిరుగుడు. అన్నిసార్లు పనిచేయలేదు. సగం సార్లు చేసింది.

జనవరి 10, 2024

4వ తారీఖు నుంచి గోలీ వంతు. డాక్టర్ నియమం: రెండూ ఒకేసారి కదపొద్దు. పడక టైం పెంచే వారం గోలీ తగ్గించొద్దు, గోలీ తగ్గించే వారం టైం ముట్టొద్దు. రెండు వారాలకోసారి పావు వంతు కోత. 10 నుంచి 7.5, 5, 2.5, తర్వాత లేదు. మందు సరిపడా లెక్కపెట్టి కొత్త చీటీ రాసిండు. పాత షాపుకు పోలేదు.

7.5 అంటే ఒక 5 గోలీ, ఇంకో గోలీల సగం. కూరగాయల కత్తి పెట్టి కోస్తే సగం గోలీ గ్యాస్ బండ కిందికి ఎగిరింది, మిగిలింది పిండి. ఇంకోటి కోస్తే ఒక ముక్క పెద్దగ, ఒకటి చిన్నగ. రెండు రోజులు ఇదే తిప్పలు. మా ఆయన ప్లాస్టిక్ కట్టర్ తెచ్చిండు, నడుమ సన్నని బ్లేడు, మూత మూస్తే కచ్చితంగా రెండు ముక్కలు. చదివేవాళ్లకొక మాట: పేరు పక్కన "సీఆర్" అని ఉంటే అది మెల్లగ కరిగే గోలీ, కోయొద్దు. డాక్టర్‌ను అడగకుండ ఏదీ కోయొద్దు.

తగ్గించిన మొదటి మూడు రాత్రులు ఘోరం. డాక్టర్ ముందే చెప్పిండు, ఇది పాత రోగం తిరిగొచ్చుడు కాదు, మందు తగ్గితే మెదడు అలిగే అలక. కొన్ని రాత్రులకు పోతది. చెప్పకపోయి ఉంటే నేను ఐదో రోజే 10కి పోదును, "చూసినవా, గోలీ లేకుంటే నాకు నిద్రే లేదు" అనుకుంట. ఎంతమంది ఇక్కడనే వెనక్కి తిరుగుతరో.

అలక అంటే అత్తమ్మకు కల్లు గుర్తొచ్చింది. ఆమె పుట్టిల్లు కామారెడ్డి దిక్కు. అక్కడ మందు కల్లు తాగేటోళ్లకు దుకాణం బందైన వారం చేతులు వణికేవి, పిచ్చి చూపులు చూసేటోళ్లు, "దొంగ చూపు కాదే, దయ్యం చూపు" అంటది. ఆ కల్లుల కలిపేది అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. అల్ప్రాజోలం మెదడుల ఎక్కడ పనిచేస్తదో నా గోలీ గూడ దాదాపు అక్కడనే పనిచేస్తది. అత్తమ్మకు ఈ ముక్క చెప్పిన. చాలాసేపు నన్ను చూసి, "మరి కల్లుకు పోయినోళ్లను తాగుబోతులంటిమి గదనే" అన్నది.

గోలీ చెడ్డది అని నేను రాస్తలేను. ఆ పదిహేడు రాత్రుల తర్వాత మొదటి పదిహేను రోజులు అదే నన్ను నిలబెట్టింది. కొన్ని రోజులకైతే గోలీ తొందరగ పట్టిస్తది, నా 330 నిమిషాల శిక్ష కన్నా సుఖం. కని అది ఆపిన రాత్రే దాని పని ఆగుతది. ఈ అలవాటు వైద్యం ఆపినంక గూడ నిలుస్తది. అందుకే అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2016ల, దీర్ఘకాల నిద్రలేమికి మొదటి మెట్టు ఇదే, గోలీ తర్వాత ఆలోచించుడు అని రాసింది. మనకేమో మొదటి మెట్టు మందుల షాపు మెట్టు.

జనవరి 17

సంక్రాంతికి జమ్మికుంట, తల్లిగారిల్లు. మూడు రోజులు. అందరూ పదింటికి పడుకుంటే నేను పదకొండున్నర దాటేదాకా అమ్మతో సకినాలు చుట్టిన. పొద్దున ఐదున్నరకు అలారం. తమ్ముడు రగ్గు నెత్తి మీదికి గుంజుకొని, "పండుగ పూట గూడ మిలిట్రీయేనా అక్కా" అన్నడు. మధ్యాహ్నం తిన్నంక అందరూ చాపల మీద వాలితే నేను పిల్లలతోని పతంగుల దగ్గర నిలబడ్డ. 14న మాత్రం వాలిన. గంటన్నర. ఆ రాత్రి రెండింటి దాకా చీకట్ల పైకప్పు చూసుకుంట ఉన్న. పగటి నిద్ర రాత్రి నిద్రల నుంచి కోత పడుతదని నోటుబుక్కుల రాయనక్కర లేకుండనే తెలిసింది.

వారం సగటు 86.

ఫిబ్రవరి 15

5కి దిగినప్పుడు రెండు రాత్రులు పాడు. 2.5కి దిగినప్పుడు ఒకటే. ఇప్పుడు 11:30 నుంచి 5:30, 360 నిమిషాలు, అందుల 318 నిద్ర. ఈ రాత్రి నుంచి గోలీ లేదు. మిగిలిన సగం ముక్కలు మూడు ఉన్నయి, కవర్ల చుట్టి డ్రాయర్ల పెట్టిన. పారేయాలె. పారేయలేదు.

ఫిబ్రవరి 26, సోమవారం

ఈ పేజీ రాయబుద్ధి కాలేదు. ప్రాజెక్టు డైరీ గనుక రాస్తున్న.

21 నుంచి 24 దాకా మేడారం జాతర. మా రోడ్డు మీద రాత్రీ పగలూ బస్సులు, డీజేలు. సమ్మక్క గద్దెకు వచ్చే గురువారం మేము గూడ పోయినం. అత్తమ్మ మొక్కు, కొడుకు నిలువెత్తు బంగారం. అరవై ఒక్క కిలోల బెల్లం. జంపన్నవాగు ఒడ్డున టార్పాలిన్ కింద పడుకున్నం అనుడే గని పడుకున్నదెవరు? కోళ్లు, డప్పులు, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకుల. శుక్రవారం రాత్రి ఇల్లు చేరినం. శనివారం పది దాకా పడుకున్న. ఆ తప్పుతోని ఆ రాత్రి గోవిందా.

ఆదివారం రాత్రి ఒంటిగంటన్నరకు మెలకువ. లేచి పల్లీల దగ్గర కూర్చున్న. రేపు సిక్స్త్ పిల్లలకు టెస్టు, రేపు బస్సు, రేపు, రేపు. రెండున్నరకు లేచి డ్రాయర్ తీసిన. కవర్ విప్పుతుంటే కరకర చప్పుడు. జీరో బల్బు కింద సగం ముక్క అరచేతిల ఇంత. కోసిన దిక్కు సుద్ద ముక్క లెక్క గరుకు. నీళ్లు గూడ లేకుండ మింగిన. చేదు గొంతుల ఉండిపోయింది.

ఈ గోలీ వేసుకుంటే ఇంకా ఏడెనిమిది గంటలు పడుకునే టైం ఉండాలె. నాకు ఉన్నది మూడు. పొద్దున బోర్డు మీద 7 × 8 = 54 అని రాసిన. నేనే! ముందు బెంచి పాప లేచి, "టీచర్, యాభై ఆరు" అన్నది నెమ్మదిగ, ఎవరికీ వినబడకుండ చెప్తున్నట్టు. ఆ మర్యాదకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

డాక్టర్ తిట్టలేదు. "వేసుకునుడు తప్పు కాదు, రెండున్నరకు నిర్ణయం తీసుకునుడు తప్పు. రాత్రి రెండింటి బుర్రకు సంతకం చేసే అధికారం ఇయ్యొద్దు" అన్నడు. మిగిలిన రెండు ముక్కలు మా ఆయన ఎదురుంగ వాడిన టీపొడిల కలిపి చెత్తల పారేసిన.

మార్చి 22

టెన్త్ పరీక్షలు 18న మొదలైనయి. ఇన్విజిలేషన్. రెండు గంటలకు పైన నిశ్శబ్దంగ నిలబడితే పాతరోజులల్ల గోడకు ఆనుకొని తూలేదాన్ని. ఇప్పుడు లేదు. 360కి 325, నూటికి 90. పడక 11:15కి జరిపిన. గోలీ లేదు.

స్టాఫ్ రూంల ఇద్దరు టీచర్లు "మాకు గూడ ఆ టైం టేబుల్ ఇయ్యి" అన్నరు. నాది ఇయ్యలేదు. ఒకామె భర్త చెప్తున్నడట, ఆమె నిద్రల శ్వాస ఆగి ఆగి గురక పెడుతదని. ఆమెకు పడక టైం కోస్తే పగటి తూలుడు ఇంకా ముదురుతది, ముందు ఆ శ్వాస సంగతి చూపించుకోవాలె. ఇంకొకామె ఏడ్చుకుంట లేస్తున్న అన్నది. ఆమెకు మనసు బాధలు చెప్పుకునే సర్కారు ఫోన్ లైను, టెలి మానస్ నంబర్ 14416 ఇచ్చిన. తెలుగుల మాట్లాడుతరు, పైసలు లేవు. ఆమె చేసిందో లేదో అడగలేదు.

ఏప్రిల్ 20

పడక 11. లేచుడు 5:30. 390కి 350. ఎనిమిది గంటలు కాదు, ఐదు గంటల యాభై. దీన్ని ఏడుకు తీసుకపోవాలని మొదట్ల ఉండె. ఇప్పుడు పగలంతా తూలకుండ ఉంటున్న గదా, చాలు అనిపిస్తున్నది. ఇక్కడ ఆపుతనా, ఇంకో పావుగంట అడుగుతనా, నిర్ణయించుకోలేదు.

ఎండలు ముదిరినయి. కూలర్ల నీళ్లు రాత్రి పదకొండుకు మళ్ల పోయాలె, లేకపోతే మూడింటికి ఎండి చప్పుడు మారుతది, ఆ మారుడుకే మెలకువ. కూలర్ ట్యాంకుకు మా ఆయన పైపు పెట్టిండు.

మే 15

13న పార్లమెంటు ఎలక్షన్. మళ్ల డ్యూటీ. 12న సాయంత్రమే సామాన్లతో పోలింగ్ బూత్‌కు. అది గూడ బడే, బెంచీలు జరిపి నేల మీద దుప్పటి. ఐదున్నరకు మాక్ పోలింగ్ మొదలు పెట్టాలె గనుక నాలుగుకే లేవాలె. నవంబర్‌ల ఇట్లనే ఒక బూత్‌ల గోలీ మింగి, మెలకువ రాదేమోనన్న భయంతోని మళ్ల మేలుకొని కూర్చున్న. ఈసారి బ్యాగుల గోలీ లేదు. దోమలు, ఉక్క, పక్కన పోలీసాయన వైర్‌లెస్. మూడు గంటలు పడుకున్నట్టున్న. పగలు నడిచింది. ఈవీఎంలు అప్పజెప్పి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. 14న ఐదున్నరకు అలారం మోగితే ఆపి ఏడు దాకా పడుకున్న, నియమం తప్పిన. రాత్రి 11కే ఎక్కిన. పదిహేను నిమిషాలల్ల పట్టింది.

నిన్న రాత్రి రెండింటికి కరెంటు పోయి మెలకువ. లేచి చేతితో తడుముకుంట హాల్లకు వచ్చిన. టక్కు, టక్కు. సెల్ లైట్ వేస్తే అత్తమ్మ నేల మీద కూర్చొని ఉన్నది, ఒళ్లో డబ్బా. పొట్టు ఇంత కుప్ప. కరెంటు పోకముందు నుంచే కూర్చున్నట్టు ఉన్నది.

"నిద్ర వస్తలేదా అత్తమ్మా?"

"నాకెప్పుడు వచ్చింది బిడ్డా."

డిసెంబర్ల నేను పల్లికాయ ఒలిచిన ప్రతి రాత్రీ ఆ గది నుంచి గొంతు వచ్చింది. పాలగిన్నె మాడిన రాత్రి గ్యాస్ బంద్ చేసింది ఎవరు? నేను ఐదు నెలలు నోటుబుక్కు నింపిన గని ఈ లెక్క వేయలేదు.

పొద్దున అడిగిన, రాత్రి ఎన్నింటికి మంచమెక్కుతరని. సీరియల్ అయిపోంగనే ఎనిమిదికి, అన్నది. దిగేది? సుప్రభాతం పెట్టే యాళకు, నాలుగున్నర. మధ్యాహ్నం నడుం వాల్చేది వేరే.

నోటుబుక్కుల ఇంకో ఇరవై పేజీలున్నయి. మొదటి లైను రాసిన: మంచం మీద 510 నిమిషాలు. నిద్ర ఎంతో, రేపు పొద్దున చెప్తదట.